చూపు బాగానే ఉంటే లేజర్ ఎందుకు?

"కళ్లు బాగానే కనపడుతున్నాయి గదండీ, మళ్లా ఈ లేజర్ ఏంటి?"

పల్నాడులో షుగరు ఉన్న మనిషిని కంటి డాక్టరు దగ్గరికి పంపితే తిరిగొచ్చే ప్రశ్న ఇదే. ఆ మనిషి మిర్చి కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాడు. సెల్లులో నంబరు అద్దాల్లేకుండా చదువుతున్నాడు. మాచర్ల బస్సు బోర్డును దూరం నుంచే పోల్చుకుంటున్నాడు. డాక్టరు మాత్రం కంట్లో చుక్కలు వేయించి, పాప విచ్చుకునేదాకా కూర్చోబెట్టి, లైటు వేసి లోపల చూసి, ఆలస్యం చేయకుండా లేజర్ చేయించుకోమంటాడు. సరేనని చేయించుకున్నవాళ్లు కొన్నాళ్లకు ఇంకో ప్రశ్న వేస్తారు: "డబ్బు పోసినాం, నొప్పి ఓర్చుకున్నాం, చూపు ఇసుమంతైనా పెరగలేదే?"

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. ఈ లేజర్ చూపును పెంచడానికి పుట్టిన వైద్యం కాదు. ఉన్న చూపు పోకుండా, కంటి అంచులో కొంత భాగాన్ని తెలిసి తెలిసి బలిపెట్టే వైద్యం. చూపు బాగున్న రోజుల్లో చేస్తేనే దీనికి పూర్తి విలువ. ఎందుకో చెప్పడానికే ఈ అధ్యాయం.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. మనవాళ్ల నోట 'కంటి లేజర్' అంటే మూడు వేర్వేరు పనులు. కళ్లద్దాలు అక్కర్లేకుండా చేసే లేజర్ కంటి ముందున్న నల్లగుడ్డు పారదర్శక పొరను చెక్కుతుంది. శుక్లం ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో ఏళ్లకో మసక వస్తే, పెట్టిన లెన్సు వెనక పేరుకున్న పొరను ఇంకో లేజర్ చీల్చుతుంది. ఈ రెండింటి తర్వాత చూపు చటుక్కున మెరుగవుతుంది. పక్కింటాయనకు అలా మెరుగైందని విన్నవాళ్లు మూడోదాని నుంచీ అదే ఆశిస్తారు. మూడోది కంటి వెనక గోడమీద చేసే పని. మన కథ దానిదే.

కంటి వెనక ఆయకట్టు

కంటిగుడ్డు లోపలి గోడకు అతుక్కుని ఒక పలుచని పొర ఉంటుంది. బడి పుస్తకాల్లో నేత్రపటలం అని చదువుకున్నాం, ఆస్పత్రిలో రెటీనా అంటారు. మందం పావు మిల్లీమీటరు. అందులో వెలుగును పట్టే కణాలు సుమారు పన్నెండున్నర కోట్లు. వీటిలో అరవై లక్షలు మాత్రమే పట్టపగటి చూపుకూ రంగులకూ పనికొచ్చేవి. మిగతావన్నీ మసక వెలుతురులో, రాత్రిపూట, పక్కచూపులో పనిచేసేవి. అక్షరాలు చదవడం, ముఖాలు గుర్తుపట్టడం, సూదిలో దారం ఎక్కించడం అన్నీ ఈ పొర నట్టనడుమ ఉన్న చిన్న మచ్చంత చోటు చేసే పనులు. వైద్యులు దాన్ని మాక్యులా అంటారు. మనం నడిమచ్చ అనుకుందాం.

ఒంట్లో ఇంత బరువుకు ఇంత ఆక్సిజన్ అని లెక్క కడితే, నేత్రపటలమంత తిండిపోతు మరొకటి దొరకడం కష్టం. అంత ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తుంది? నాగార్జునసాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. పొలానికి నీళ్లు రెండు దారుల్లో వస్తాయి, పైన కాలువ, కింద బోరు. నేత్రపటలానికీ అంతే. పైభాగానికి కంటినరం వెంట లోపలికొచ్చి, పెద్ద కాలువ మేజర్లుగా పిల్లకాలువలుగా చీలినట్టు చీలే రక్తనాళాలు నెత్తురు తెస్తాయి. అడుగున ఉండే వెలుగుకణాలకు వాటి వెనకే ఉన్న మరో రక్తనాళాల పొర కింది నుంచి ఊట అందిస్తుంది.

షుగరు ఏళ్లతరబడి అదుపు తప్పితే ముందు పాడయ్యేవి పిల్లకాలువలు, అంటే వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు. వాటి గోడలను బిగించి పట్టుకునే కణాలు చచ్చిపోతాయి. గోడలు అక్కడక్కడా ఉబ్బుతాయి, కారతాయి. కారిన నీరూ కొవ్వూ నడిమచ్చలో చేరితే అక్షరాలు వంకర్లు పోతాయి. మరికొన్ని పూర్తిగా పూడిపోతాయి. పూడిపోవడం ఎక్కువగా కనిపించేది చివరి భూముల్లోనే. కాలువ చివర పొలమున్న రైతు నీళ్ల కోసం ఏం చేస్తాడో, ఆకలిగొన్న ఆ కణాలూ అదే చేస్తాయి, గోల పెడతాయి. వాటి గోల ఒక రసాయనం. కొత్త నాళాలు మొలవమని చెప్పే ఈ పదార్థాన్ని నాళప్రేరకం అనుకోవచ్చు, వైద్యుల వాడుకలో వీఈజీఎఫ్.

కొత్త నాళాలు మొలవడం మంచిదే కదా అనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే అవి హడావుడిగా తవ్విన దొంగ కాలువలు. కట్ట గట్టిగా ఉండదు, ఎండిన చోటికి నీళ్లూ చేర్చవు. నేత్రపటలాన్ని వదిలి కంటి నడుమ నిండి ఉండే చిక్కటి ద్రవంలోకి పాకుతాయి. ఒకరోజు దగ్గినప్పుడో, బరువెత్తినప్పుడో, ఏ కారణమూ లేకుండా తెల్లవారుజామునో తెగుతాయి. కంటినిండా నెత్తురు. 'పొద్దున లేచేసరికి నల్లతెర పడింది' అని చెప్పేవాళ్ల కథ చాలాసార్లు ఇదే. నెత్తురు ఇంకినా ముప్పు పోదు. నాళాల వెంట పెరిగే పీచుకణజాలం ముడుచుకుంటూ నేత్రపటలాన్ని గోడనుంచి లాగి ఊడబెరుకుతుంది.

ఈ వ్యవహారమంతా నొప్పి లేకుండా నడుస్తుంది, ఎందుకంటే నేత్రపటలంలో నొప్పి నరాలే లేవు. నడిమచ్చ జోలికి రోగం రానంతకాలం చదవగలిగే అక్షరమూ తగ్గదు. అందుకే చివరి భూములు ఎండిపోయి, దొంగ కాలువలు పాకుతున్న కన్ను కూడా ఆస్పత్రి గోడమీది అక్షరాల పట్టికను చివరి వరుసదాకా గడగడా చదివేయగలదు. "బాగానే కనపడుతున్నాయి గదండీ" అన్న మనిషి అబద్ధం చెప్పడంలేదు. ఆయనకు కనిపించేది ఊరి నడిబొడ్డు, డాక్టరు చూసింది పొలిమేర.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం మన దేశంలో షుగరు ఉన్నవాళ్లను 10.1 కోట్లుగా అంచనా కట్టింది. అంతకు ముందు ఏడాది వచ్చిన మరో దేశవ్యాప్త సర్వే, నలభై దాటిన షుగరు రోగుల్లో 12.5 శాతం మందికి నేత్రపటలం దెబ్బతినడం మొదలైందని, 4 శాతం మందికి అది చూపునే పోగొట్టే దశలో ఉందని తేల్చింది. ఎనిమిది మందిలో ఒకరు. నరసరావుపేటలో ఏ షుగరు డాక్టరు గది ముందు బెంచీమీద చూసినా ఆ ఒక్కరు ఉంటారు.

గ్రహణం చూసి చెడిన కన్ను

కన్ను కాల్చి కన్ను కాపాడవచ్చన్న ఊహ ఒక సూర్యగ్రహణంతో మొదలైంది. 1945 జులై 9న ఐరోపాలో గ్రహణం పట్టింది. కంటికి అడ్డం ఏమీ పెట్టుకోకుండా దాన్ని చూసిన ఒక వైద్య విద్యార్థిని జర్మనీలో గెర్డ్ మేయర్ ష్వికెరాట్ అనే కంటి వైద్యుడు పరీక్షించాడు. నడిమచ్చలో చక్కగా కాలిన మచ్చ ఉంది. మరొకరైతే జాలిపడి ఊరుకునేవారు. ఈయన మాత్రం, వెలుగు ఇంత కచ్చితంగా ఒక్కచోటే కాల్చగలిగితే, చిరుగు పడిన నేత్రపటలాన్ని అంటించడానికి దాన్నే వాడరాదా అనుకున్నాడు. 1940ల చివర్లో హాంబర్గ్ ఆస్పత్రి కప్పుమీద అద్దాలు అమర్చి, సూర్యకిరణాలను రోగి కంట్లోకి మళ్లించి నిజంగానే ఆ పని చేశాడు. పల్నాటి ఎండే గనక ఆయనకు దొరికి ఉంటే ఇక వేరే యంత్రం వెతుక్కునేవాడు కాదేమో. హాంబర్గ్‌లో మబ్బులెక్కువ. 1950ల్లో జైస్ కంపెనీతో కలిసి జెనాన్ దీపంతో యంత్రం చేయించాడు. పని జరిగేది గానీ కాంతి వెడల్పాటిది, కాలిన గాయమూ వెడల్పే.

1960 మే 16న అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపు కడ్డీతో తొలి లేజర్‌ను వెలిగించాడు. ఒకే రంగు, ఒకే దిశ, సన్నని పోగులా సాగే వెలుగు. నిండా రెండేళ్లు కాకముందే, 1961 డిసెంబరులో, న్యూయార్కులో చార్లెస్ క్యాంబెల్ దాన్ని మనిషి నేత్రపటలం మీద ప్రయోగించాడు. లేజర్ వైద్యంలో అడుగుపెట్టిన తొలి తలుపుల్లో కన్ను ఒకటి. కారణం సులువే. ఒంట్లో మరే భాగానికీ లోపలిదాకా వెలుగు దూరే కిటికీ లేదు. కోయకుండానే లోపలి గోడను అందుకోవచ్చు. 1968లో ఫ్రాన్సిస్ లెస్పెరాన్స్ నీలి పచ్చ వెలుగునిచ్చే ఆర్గాన్ లేజర్‌ను తెచ్చాక ఇది రోజువారీ వైద్యమైంది.

షుగరు కంటికి దీన్ని ఎలా వాడాలో మాత్రం యంత్రం చెప్పలేదు, రోగుల కళ్లే చెప్పాయి. బోస్టన్‌లో షుగరు రోగులను చూసే బీథమ్, అయెల్లో అనే వైద్యులు ఒక వింత గమనించారు. ఏ పాత జబ్బువల్లనో ఒక కంట్లో విస్తారంగా మచ్చలు పడి ఉంటే, షుగరు రోగం ఆ కంటిని పెద్దగా పట్టించుకోకుండా రెండో కంటిని ధ్వంసం చేసేది. చెడిన కన్నే బతికిపోతోంది! అయితే బాగున్న కంట్లో మనమే మచ్చలు పెడితే? వినడానికి వెర్రిగా ఉన్న ఈ ప్రశ్నను తేల్చడానికి అమెరికా ప్రభుత్వం 1970ల మొదట్లో 1,758 మంది రోగులతో పరీక్ష నడిపింది. ప్రతి మనిషికీ ఒక కంటికి లేజర్ చేసి, రెండోది చేయకుండా వదిలి, పోల్చి చూశారు. 1976 నాటికే తేడా ఎంత స్పష్టమైందంటే, పరీక్ష పూర్తయ్యేదాకా ఆగడం అన్యాయమని, ముప్పు ఎక్కువున్న రెండో కళ్లకూ వైద్యం చేయనిచ్చారు. తీవ్రంగా చూపు పోవడం సగానికి పైగా తగ్గింది.

అది ఎందుకు పనిచేస్తోందో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆకలిగొన్న నేత్రపటలం ఏదో పదార్థం వదులుతోందని 1948లోనే మైకేల్సన్ ఊహించాడు. ఆ పదార్థాన్ని, మన నాళప్రేరకాన్ని, 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం చేతికి చిక్కించుకుంది. లెక్క అప్పుడు కుదిరింది. సాగర్‌లో నీళ్లు అడుగంటిన ఏడాది కాలువ కింద వరి వేయొద్దంటారు గదా, లేజర్ చేసేది అదే. అంచుల్లోని వెలుగుకణాలను అక్కడొకటి అక్కడొకటి కాల్చేస్తే, కింది బోరునీళ్లు తాగే పొలాలు కొన్ని బీడు పడతాయి. తాగేవాళ్లు తగ్గారు గనక ఆ ఊట పైకి ఎగబాకి, కాలువ ఎండిన పైపంటకు అందుతుంది. గోల తగ్గుతుంది. నాళప్రేరకం తగ్గుతుంది. దొంగ కాలువలు వాడిపోతాయి. నడిమచ్చ నిలుస్తుంది.

పచ్చ వెలుగు గదిలో

ముందు చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేస్తారు. మత్తుచుక్కలు వేస్తారు. గడ్డం ఒక పీటమీద ఆనించి, కంటిమీద చిన్న అద్దం పెట్టి, డాక్టరు ఎదురుగా కూర్చుని పెడలు నొక్కుతాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 532 నానోమీటర్ల పచ్చ వెలుగు. కంటి ముందు పొరలూ లెన్సూ పారదర్శకం గనక వాటిని అంటకుండా దాటిపోతుంది. నేత్రపటలం అడుగున నల్లరంగు నిండిన కణాల వరుస ఉంటుంది. నలుపు వెలుగును మింగి వేడెక్కుతుంది, ఆ వేడికి పైనున్న వెలుగుకణాలు మాడతాయి. పచ్చ వెలుగు తనంతట తాను దేన్నీ కోయదు, కాలే పనంతా ఆ నలుపు చేసేదే.

పాత పద్ధతిలో ఒక్కో లేజర్ చుక్క అర మిల్లీమీటరు వెడల్పు, పదో వంతు సెకను కాలం. అలాంటివి 1,200 నుంచి 1,600 దాకా, రెండు మూడు విడతల్లో, నడిమచ్చను వదిలేసి చుట్టూ చల్లినట్టు పెడతారు. వైశాల్యం లెక్క కడితే నేత్రపటలంలో దాదాపు పావువంతు. చిన్న త్యాగం కాదు. 2000ల మధ్యలో వచ్చిన యంత్రాలు ఒక్క నొక్కుకు వరుసగా పదులకొద్దీ చుక్కలు, ఒక్కోటి సెకనులో యాభయ్యో వంతుకు మించకుండా పెడతాయి. నొప్పి తక్కువ, సమయం తక్కువ, అయితే చుక్కలు ఇంకా ఎక్కువ కావాలి.

నేత్రపటలానికి నొప్పి తెలియదన్నాను గానీ, దాని వెనకనుంచి సాగే నరాలకు తెలుస్తుంది. చెవుల వైపు, ముక్కు వైపు అంచులకు వచ్చేసరికి కొందరికి కణతలదాకా సలుపుతుంది. చెబితే డాక్టరు వేడి తగ్గిస్తాడు, లేదా కంటి పక్కన సూదిమందు ఇస్తాడు. అయ్యాక కాసేపు కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆరోజు బండి నడపకూడదు, వెంట మనిషి ఉండాలి.

నష్టాలు దాచకూడదు. ఎక్కువగా కాల్చేది రాత్రిచూపు కణాలను. కాబట్టి ఎండలోంచి చీకటి గదిలోకి వస్తే కుదురుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, పక్కచూపు కొంత తగ్గుతుంది. రాత్రంతా మిర్చి టిక్కీల లారీ నడిపి తెల్లారేసరికి గుంటూరు యార్డు చేరే డ్రైవరుకు ఇది జీవనం సంగతి, ముందే డాక్టరుకు చెప్పుకోవాలి. కొందరికి నడిమచ్చ కొన్నాళ్లు ఉబ్బి చూపు ఇంకాస్త మసకవుతుంది. "లేజర్ కొట్టించుకున్నాకే పోయింది" అన్న మాట పుట్టేది ఇక్కడే. దానికంటే ఎక్కువగా, నెత్తురు చిమ్మి పీచు కట్టాక ఆఖరిదశలో లేజర్‌కు వచ్చినవాళ్ల వల్ల ఆ మాట బలపడింది. ఊళ్లో ఆ కథే తిరుగుతుంది. సకాలంలో చేయించుకుని పదిహేనేళ్లుగా పేపరు చదువుతున్న మనిషికి చెప్పుకోవడానికి కథేమీ ఉండదు.

సూదా, లేజరా

ఇప్పుడు నాళప్రేరకాన్ని నేరుగా అణిచే మందులున్నాయి. కంట్లోకి సూదితో ఇస్తారు. వినడానికి భయంగానీ నిమిషాల పని. నడిమచ్చ వాపుకు 1985 నుంచి లేజరే దిక్కుగా ఉండేది. ఇప్పుడు నట్టనడుమ వాచి చూపు తగ్గినప్పుడు సూదిమందే మొదట ఇస్తున్నారు, చూపు పెరిగే అవకాశమూ దానితోనే ఎక్కువ. దొంగ కాలువల విషయంలోనూ సూదిమందు లేజర్‌కు తీసిపోదని 2015లో ఒక పెద్ద అమెరికన్ పరీక్ష చూపింది, పక్కచూపు నష్టం కూడా తక్కువని తేల్చింది.

అలాగైతే కాల్చడం ఎందుకు? మందు ప్రభావం నెల, రెండు నెలలు. మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. మధ్యలో ఆరు నెలలకు పైగా ఆస్పత్రికి రాకుండా పోయిన రోగులను 2019లో పోల్చి చూస్తే, లేజర్ చేయించుకున్నవాళ్లకంటే సూదిమందు మాత్రమే తీసుకున్నవాళ్ల కళ్లు బాగా దెబ్బతిన్నాయి. పరీక్షలో పాల్గొన్నవాడు ఫోను చేస్తే వస్తాడు. మాచర్ల అవతలి తండా మనిషికి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాట. పత్తితీతలు, మిర్చికోతలు ఉన్నన్నాళ్లు నెలనెలా కూలి పోగొట్టుకుని, తోడు మనిషి కూలి కూడా పోగొట్టి ఎవరొస్తారు? సూదిమందు మెరుగైనదే అయినా, పల్నాడు పశ్చిమాన లేజర్ పాతబడిందని చెప్పడం తొందరపాటనే నా అభిప్రాయం. ఒకసారి పెట్టిన మచ్చ రోగి రాకపోయినా పనిచేస్తూనే ఉంటుంది. షుగరు, బీపీ వదిలేస్తే మాత్రం అదీ చాలదు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు వేరే జిల్లా అయింది, నరసరావుపేట కేంద్రం. నేత్రపటలం జబ్బు ముదిరితే మాత్రం దారి ఇంకా తూర్పుకే. గుంటూరు పెద్దాసుపత్రి, పెదకాకాని శంకర కంటి ఆస్పత్రి, 2011లో విజయవాడ పక్క తాడిగడపలో వచ్చిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి. ఎల్వీ ప్రసాద్ సంస్థను 1987లో హైదరాబాదులో స్థాపించిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గుంటూరు వైద్య కళాశాలలో చదివినవారే. పెద్ద ఆస్పత్రి ఒకటి కడితే చాలదని, ఊళ్లలో చిన్న కంటి కేంద్రాలు, వాటిపైన ఓ మోస్తరు ఆస్పత్రులు, ఆపైన పెద్దవి ఉండాలన్నది ఆయన పట్టుబట్టిన నమూనా. నేత్రపటలం విషయంలో ఇది మరీ నిజం. లేజర్ తూర్పున ఉన్నా ఫర్వాలేదు, కంటి లోపలి ఫొటో తీసే కెమెరా గురజాలలో ఉండాలి. మన కంటి శిబిరాలు శుక్లాలనూ అద్దాలనూ బాగా పట్టుకుంటాయి. చుక్కలు వేయకుండా, ఫొటో తీయకుండా, పట్టిక మాత్రమే చదివించి పంపే శిబిరానికి పొలిమేరలో ఎండిన భూమి కనిపించదు. మామూలుగా వచ్చే షుగరైతే బయటపడిన రోజే ఒకసారి, ఆపైన ఏడాదికొకసారి లోపల చూపించుకోవాలి. చిన్నతనంలో వచ్చే ఇన్సులిన్ షుగరుకు ఐదేళ్ల తర్వాత మొదలుపెడితే చాలు. షుగరున్న ఆడమనిషికి నెల తప్పితే వెంటనే చూపించాలి, కడుపుతో ఉన్నప్పుడు ఈ జబ్బు జోరందుకుంటుంది.

చిరుగులు, నెలతక్కువ బిడ్డలు

లేజర్ ఇంకో రెండుచోట్ల అక్కరకొస్తుంది. ఒకటి చిరుగు. మైనస్ అద్దాలు బాగా ఎక్కువున్నవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో, కంటికి దెబ్బ తగిలినవాళ్లలో నేత్రపటలం చిరగవచ్చు. కంటికొసన మెరుపులు, ఉన్నట్టుండి దోమలు ముసిరినట్టు నల్లచుక్కలు దానికి గుర్తు. ఆ రోజే వెళితే చిరుగు చుట్టూ రెండు మూడు వరుసల లేజర్ చుక్కలు పెట్టి, పొరను గోడకు అంటించి పంపేస్తారు. వారం ఆగితే చిరుగులోంచి ద్రవం దూరి పొర ఊడిపోవచ్చు, అప్పుడది ఆపరేషను గదిలో తేలాల్సిన వ్యవహారం.

రెండోది నెలతక్కువ బిడ్డలది. తల్లి కడుపులో నేత్రపటలపు రక్తనాళాలు నడుమనుంచి అంచులకు పాకుతూ, తొమ్మిదో నెలకు గానీ చివరికి చేరవు. ముందే పుట్టిన బిడ్డలో కాలువ ఇంకా తవ్వని అంచు అలాగే ఉండిపోతుంది. అది గోల పెడుతుంది, దొంగ కాలువలు మొలుస్తాయి. షుగరు రోగిలో ఇరవై ఏళ్లు పట్టే కథ ఇక్కడ వారాల్లో ముగిసి బిడ్డకు శాశ్వతంగా చీకటి మిగులుతుంది. వైద్యం అదే సూత్రం, నాళాలు చేరని అంచును లేజర్‌తో కాల్చడం. నరసరావుపేటలోనూ ఇప్పుడు చిన్నపిల్లల ఆస్పత్రులు కిలోన్నర బిడ్డలను బతికిస్తున్నాయి, కాబట్టి ఈ ముప్పున్న బిడ్డల సంఖ్యా పెరిగింది. మన దేశంలో నియమం ఇది: 34 వారాలు నిండకుండా పుట్టినా, రెండు కిలోలకు తక్కువున్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి పరీక్ష జరగాలి. 28 వారాల లోపు బిడ్డకైతే ఇంకా ముందే. ఒక్క పరీక్షతో అయిపోదు, నాళాలు అంచుకు చేరేదాకా వారం రెండు వారాలకోసారి చూస్తుంటారు. బిడ్డ బరువు పెరిగిందని పెట్టెలోంచి తీసి ఇంటికి పంపేది సరిగ్గా ఈ పరీక్షల నడిమధ్యలోనే. డిశ్చార్జి కాగితంలో టీకా తేదీ ఉంటుంది, దాని పక్కన కంటి పరీక్ష తేదీ కూడా రాయించుకోవాలి.